ఏకచక్రపురం చక్రం

నన్ను కైవారంలో తేరు రోజున కొన్నారు. చింతామణి తాలూకాలోని ఆ ఊరే మహాభారతంలోని ఏకచక్రపురం అని మావాళ్ళు నమ్ముతారు. భీముడు బండెడు అన్నం తోలుకుని బకాసురుడి మీదికి పోయింది అక్కడినుంచేనట. యోగి నారేయణగా పూజలందుకునే కైవారం నారాయణప్ప ఊరు కూడా అదే. ఆయన ముందు గాజులమ్ముకుని బతికాడు, తర్వాత గుహలో తపస్సు చేశాడు, తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పాడు. నన్ను కొన్న అవ్వ ఆ రోజు ముందు గాజులు తొడిగించుకుంది. ఆ తర్వాత పక్కన పరిచిన ఇత్తడి సామాన్లలో నన్ను ఏరుకుంది. నేను కోసిన మొదటి కజ్జికాయను ఆ కొత్త గాజుల చప్పుడు వింటూ కోశాను.

రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద చక్రాన్ని. అంచంతా అలలలాంటి పళ్ళు. బెత్తెడు పిడి, పిడికి ఆ చివర పూర్ణం ఎత్తి పెట్టడానికి చిన్న గరిటె. పూరీ మధ్యలో పూర్ణం పెట్టి, సగానికి మడిచి, అంచు నొక్కి, నన్ను ఆ అంచువెంట దొర్లిస్తారు. ఎక్కువైన పిండి తెగి పక్కకు పడుతుంది, కజ్జికాయకు అలల అంచు మిగులుతుంది. తెగిన పిండిని అవ్వ ఎప్పుడూ పారేయలేదు. మళ్ళీ ముద్ద చేసి, వత్తి, నాతోనే శంకరపాళీలు కోసి పిల్లల చేతుల్లో పోసేది.

తీపి కజ్జికాయల సంగతి నేను చెప్పక్కర్లేదు. పుట్నాలపొడి, ఎండుకొబ్బరి, బెల్లం, యాలకులు వేసిన ఆ కజ్జికాయలకు గౌరమ్మ పండగ ఉంది, వినాయక చవితి ఉంది, దేవుడి ముందు చోటుంది. నా మనసంతా కారం కజ్జికాయ మీద. దానికి పండగ లేదు, నైవేద్యం లేదు, ఒక కాలం మాత్రం ఉంది. అది అనపకాయల కాలం.

మా సీమలో ఏడాది పొడుగునా పారే నదులు లేవు. వెయ్యి అడుగులు దాటి బోర్లు వేసినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు. వానను నమ్ముకున్న మెట్ట చేలల్లో రాగి వేస్తారు, రాగి సాళ్ళ మధ్య అక్కడక్కడా ఒక సాలు అనప వేస్తారు. రాగి కోత అయిపోయినా అనప చేలోనే నిలబడి ఉంటుంది. నాటు అనప పగలు పొట్టి అయితేనే పూతకొస్తుంది. అందుకే కార్తీకం దాటి చలి ముదిరాకే కాయ దిగుతుంది. మంచు పడ్డ కాయకు జిడ్డు జిడ్డుగా ఒక సొన పడుతుంది. ఆ వాసనే దాని విలువ. కన్నడం వాళ్ళు దాన్ని సొనె అవరె అంటారు. బస్సు దిగిన మనిషి సంచిలో అనపకాయలుంటే వీధి మొదట్లోనే తెలిసిపోతుంది.

ఆ కాలంలో మా ఇంట్లో సాయంత్రాలు పితకడానికే సరిపోయేవి. గింజలు ఒలిచి, నీళ్ళలో నానబెట్టి, ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కితే పైతోలు చేతిలో ఉండిపోయి, పప్పు జారి గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. ఒక సేరు పప్పు కావాలంటే ఇల్లంతా కూర్చోవాలి. అవ్వ, కోడలు, పిల్లలు, పక్కింటివాళ్ళు. ఎక్కువ భాగం పులుసుకు పోయేది. అవ్వ మాత్రం ప్రతిసారీ ఒక గుప్పెడు పక్కకు తీసి పెట్టేది. మర్నాడు నాకు పనుందని ఆ గుప్పెడు చూస్తే తెలిసేది.

ఆ పూర్ణం ఎట్లా చేసేదో చెప్తాను, ఎందుకంటే నా చిన్న గరిటెతో ఎత్తింది అదే. పప్పును ఉప్పు వేసిన నీళ్ళలో పలుకు పోయేదాకా మాత్రమే ఉడికించేది. నలిపితే మెదగాలి, గిన్నెలో మాత్రం ముద్ద కాకూడదు. నీళ్ళు వంచేసి, పప్పును బట్టమీద ఆరబోసేది. బాణలిలో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు తిరగవాత, దాంట్లో దంచిన పచ్చిమిరపకాయ, అల్లం, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, తర్వాత పప్పు, పచ్చికొబ్బరి కోరు. తడి పూర్తిగా ఇగిరేదాకా తిప్పి, దించాక కొత్తిమీర. నిమ్మరసం పిండాలంటే చల్లారాక, అదీ నాలుగు చుక్కలు. పులుపు తగిలిన గరిటెను అట్లాగే వదిలేస్తే నాకు కిలుము పడుతుందని ఆమెకు తెలుసు. పని కాగానే నన్ను చింతపండుతో తోమి, కడిగి, బట్టతో తుడిచి గూట్లో పెట్టేది. ఏ రోజూ తడిగా వదిలేయలేదు.

పైపిండికి పావుకిలో మైదా, రెండు పెద్ద చెంచాల చిరోటి రవ్వ, ఉప్పు, మూడు చెంచాల కాచిన నూనె. నూనె పోశాక పిండిని పిడికిట్లో పట్టి చూసేది. ముద్దగా నిలిస్తే నూనె సరిపోయినట్టు. నీళ్ళు కొంచెం కొంచెంగా పోసి గట్టిగా కలిపి, తడిబట్ట కప్పి అరగంట పక్కన పెట్టేది. ఆ అరగంటలో రవ్వ నీళ్ళు పీలుస్తుంది, వత్తేటప్పుడు పిండి వెనక్కి ముడుచుకోదు. పూరీ నడుమ కాస్త మందం, అంచు పలచన. అంచు మడిచాక రెండు పొరలవుతుంది కాబట్టి అక్కడ పలచగా ఉంటేనే లోపలిదాకా వేగుతుంది.

రాగిపిండితో చేసింది మాత్రం నాకు అన్నిటికంటే ప్రాణం. గోధుమలో ఉన్న జిగురు రాగుల్లో లేదు, ఒట్టి రాగిపిండిని మడిస్తే మడతలోనే విరిగిపోతుంది. అందుకని మూడు పాళ్ళు గోధుమపిండి, ఒక పాలు రాగిపిండి, గోరువెచ్చని నీళ్ళు. రంగు మట్టిరంగు, అంచు కొంచెం గరుకు, కొరికితే గట్టిగా కరకర. చేలో పక్కపక్క సాళ్ళలో పెరిగిన రెండు పంటలు బాణలిలో ఒకదాని లోపల ఒకటి చేరేవి. ఇంత సొగసైన వంట మా సీమలో ఇంకోటి నేను చూడలేదు.

కోడలు కాపురానికొచ్చిన ఏడాది ఒక రోజు ఒంటరిగా కజ్జికాయలకు దిగింది. నన్ను చేతిలోకి తీసుకున్నప్పుడే తెలిసింది, తొందరలో ఉందని. పూరీ మడిచి, అంచు నొక్కకుండానే నన్ను గట్టిగా అదిమి దొర్లించింది. నా పళ్ళు రెండు పొరలనూ కలుపుతాయనుకుంది. నూనెలో వేసిన మూడోది నోరు తెరిచింది. పప్పు నూనెలో చెదిరి, మాడి, మిగతావాటికి నల్లగా అంటుకుంది. చిటపటలాడి ఒక చుక్క ఆ పిల్ల మణికట్టు మీద పడింది. అవ్వ పరుగున వచ్చి చేతిని చల్లనీళ్ళలో పెట్టించింది, తర్వాత పొయ్యి తగ్గించి పక్కన కూర్చుంది.

"అంచుకు తడి పెట్టినావామ్మా?"

"లేదత్తా. చక్రం ఉంది కదా అనుకున్నా."

"చక్రం కోస్తాదంతే. మూసేది నీ బొటనవేలు. సందు ఉంటే నూనె తాగేస్తాది, ఆవిరికి దారి దొరికితే పగిలిపోతాది."

ఆ మాట నా గురించి ఎవరన్నా చెప్పిన మాటల్లో అన్నిటికంటే నిజం. వేలిని నీళ్ళలో ముంచి అంచు చుట్టూ సగం వరకే తడి రాయాలి, పూర్ణం దగ్గరున్న గాలినంతా బయటికి నెట్టాలి, ఒక కొసనుంచి ఇంకో కొసకు బొటనవేలితో నొక్కుకుంటూ రావాలి. ఆ తర్వాతే నేను. నూనె కూడా అంతే, పొగలు కక్కకూడదు. గోరంత పిండి వేస్తే అడుక్కి పోయి, నాలుగు లెక్కపెట్టేలోపల నిదానంగా పైకి రావాలి. మంట ఎక్కువైతే పైన బుడిపెలు లేస్తాయి, రంగు తొందరగా వస్తుంది, మడత లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఆ సాయంత్రం కోడలు రెండో వాయి చేసింది. ఒక్కటీ పగల్లేదు.

నేను రాకముందు అవ్వ చేత్తోనే అంచు అల్లేదట. చిటికెడు పట్టి లోపలికి మడిచి, మళ్ళీ పట్టి మడిచి, తాడులాగా. ఆ అల్లికను చూసినప్పుడల్లా తాత తన నాయన మాట చెప్పేవాడు. ఆయన కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్‌లో పనిచేశాడు. చింతామణి అప్పుడు కోలారు జిల్లాలోనే ఉండేది, 2007లో గాని చిక్కబళ్ళాపురం జిల్లాలోకి రాలేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఆ గనులు చేతికి తీసుకున్నాక ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి తగరం, రాగి గనుల్లో ఆరితేరిన మనుషులను తెప్పించింది. వాళ్ళ తిండి పాస్టీ. "మన కజ్జికాయే, గోధుమ రొట్టెలో మాంసం పెట్టి తాడులాగా అంచు అల్లి కాలుస్తారు" అని ముత్తాత చెప్పినట్టు తాత చెప్పేవాడు. గని లోపలికి అన్నం గిన్నె, పులుసు గిన్నె మోసుకుపోవడం కష్టం. పాస్టీ అయితే కూడూ గిన్నే రెండూ అదే. మందమైన ఆ అంచును చేతిపిడిలాగా పట్టుకుని తిని, మట్టిచేయి తగిలిన అంచును పారేసేవాళ్ళని కూడా చెప్పుకుంటారు.

ఆ పాస్టీ లోపల మాంసం, ఉర్లగడ్డ, ఉల్లిగడ్డ, టర్నిప్ లాంటి ఒక దుంప అన్నీ పచ్చివే పెడతారు. సన్న సెగ మీద చాలాసేపు కాలుతుంది కాబట్టి లోపలే ఉడుకుతాయి. మనది నూనెలో ఉండేది ఐదారు నిమిషాలే, అందుకే మన పూర్ణం ముందే ఉడికి, ఆరి ఉండాలి. 2011లో ఐరోపా సమాఖ్య ఆ తిండి పేరుకు రక్షణ ఇచ్చింది. కార్న్‌వాల్‌లో చేసినదే కార్నిష్ పాస్టీ, అల్లిక పక్కన ఉండాలి గాని నడినెత్తిన ఉండకూడదని కూడా అందులో రాశారు. ఒక అంచు కోసం అంత పట్టుదల చూపిన సీమంటే నాకు గౌరవం. కోలారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. మా ఇంట్లో అప్పటికే ఆ మాట చెప్పడానికి తాత లేడు, కోడలే తన పిల్లలకు చెప్పింది.

గోడకవతల మురుగమల్ల నుంచి వచ్చి స్థిరపడిన ఒక సాయిబుల కుటుంబం ఉండేది. మురుగమల్ల దర్గాకు హిందువులూ ముసల్మానులూ ఇద్దరూ పోతారు, చింతామణిలో ఎవరినడిగినా దారి చెప్తారు. రంజాన్ నెలలో ఆ ఇంటి ఆపా నన్ను అడిగి తీసుకుపోయేది. ఆమె ఖీమాను అల్లం వెల్లుల్లితో నీళ్ళు ఇంకేదాకా వేయించి, చివర్లో పుదీనా, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేసి, దాన్నే పూర్ణంగా పెట్టేది. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో విందు తిన్న ఇబ్న్ బతూతా, మాంసం, బాదం, పిస్తా, ఉల్లిగడ్డ పలచని రొట్టెలో చుట్టి నేతిలో వేయించిన సమోసా గురించి రాశాడు. ఆపా చేతుల్లో ఆ కొలువు తిండి మా వీధి దాకా నడిచొచ్చింది. తిరిగిచ్చేటప్పుడు నన్ను కడిగి తుడిచి, ఒక పళ్ళెంలో నాలుగు అరటిపళ్ళతో పంపేది. సంక్రాంతికి మా పళ్ళెం అటు పోయేది.

ఊరికి పంపాలంటే పితికిపప్పు పనికిరాదు, ఒక పూట దాటితే వాసనొస్తుంది. దానికి అవ్వ వేరే పూర్ణం చేసేది: పుట్నాలపొడి, ఎండుకొబ్బరి, వేయించిన ఎండుమిరపకాయ, వెల్లుల్లి, జీలకర్ర, ఉప్పు, తడి అన్నదే లేకుండా. బెంగళూరు హాస్టల్‌లో చదివే కొడుక్కి డబ్బా నిండా పోసి పంపితే రెండు వారాలు నిలిచేవి. జ్వరం పడి లేచినవాళ్ళకు ఇంకో రకం: బియ్యప్పిండి ఉక్కబెట్టి, మినప్పప్పు కారం లోపల పెట్టి, ఆవిరిమీద ఉడికించే ఉప్పు కడుబు. దానికి నేనక్కర్లేదు, తడి వేళ్ళు చాలు.

తర్వాత బజారులో అయ్యంగార్ బేకరీ పఫ్‌లు వచ్చాయి. పొరలు పొరలుగా, వేడివేడిగా, చేతిలో పెడితే రాలిపోయేవి. పిల్లలు వాటివెంట పడ్డారు. వాళ్ళను తప్పుపట్టను, ఆ పొరలు నిజంగా రుచిగానే ఉంటాయి. దానికితోడు ప్లాస్టిక్ అచ్చులు వచ్చాయి. పూరీ పరిచి, పూర్ణం పెట్టి, మూసి నొక్కితే కజ్జికాయ. పదేళ్ళ పిల్లకు అది మంచి సాయమే. కాని అచ్చులో అంచు, నడుమ ఒకే మందంగా వస్తాయి, నొక్కినచోట వేలికి తెలియాల్సింది తెలియదు. నేను చాలా ఏళ్ళు గూట్లోనే ఉండిపోయాను. అవ్వ పోయింది. కిలుము పట్టింది.

మొన్న చలికాలంలో అవ్వ మనవరాలు బెంగళూరు నుంచి వచ్చి గూడంతా సర్దుతూ నన్ను తీసింది. వాళ్ళమ్మను అడిగింది, ఇదేంటని. నూనె చుక్క పడిన వాళ్ళమ్మ మణికట్టు మీద ఇంకా మచ్చ ఉంది. చూపించి చెప్పింది. మర్నాడు సంతనుంచి అనపకాయలు వచ్చాయి. ఆ పిల్ల రాగి కలిపిన పిండిని నాలుగు చెంచాల నెయ్యితో కలిపి, కజ్జికాయలను నూనెలో వేయకుండా ఓవెన్‌లో 180 డిగ్రీల మీద ఇరవై ఐదు నిమిషాలు పెట్టింది. పైన పాలు పూసింది, రంగు కోసం. నూనెలో వేగినంత గుల్లగా రాలేదు, కొంచెం గట్టిగా వచ్చాయి. పప్పు వాసన మాత్రం ఇంకా ఎక్కువ నిలిచింది. ఒక్కటీ పగల్లేదు. అంచుకు తడి పెట్టి, బొటనవేలితో నొక్కి, ఆ తర్వాతే నన్ను దొర్లించింది కాబట్టి.

సంక్రాంతి దాటితే నాటు అనపకాయ పలచబడుతుంది, శివరాత్రికి ముగిసిపోతుంది. మీ ఇంటి గూట్లోనో అటకమీదో నాలాంటి చక్రం ఉంటే ఈలోపల తీసి చింతపండుతో తోమండి. ఒక గుప్పెడు పితికిపప్పు పక్కకు తీసి పెట్టండి. పితికేటప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి.