దేవుణ్ణి మించిన స్వామికి

స్వామీ! తమరు దేవుడికన్నా గొప్పవారు. ముఖస్తుతికి అనడం లేదు, సాక్ష్యాలతో చెబుతాను.

భద్రాద్రి రాముడు మాటలు పడ్డాడు. పాల్వంచ తహసీల్దారు కంచెర్ల గోపన్న సర్కారు సొమ్ముతో గుడి కట్టించి, తానీషా ఏలుబడిలో గోల్కొండ చెరలో పడ్డాక, ఏ నగకు ఎంతయిందో దేవుడికే లెక్క అప్పజెప్పి నిలదీశాడు. ఆ దేవుడి తండ్రినీ మామనూ కూడా మధ్యకు లాగాడు. రాముడు అలగలేదు. ఆ కీర్తనలను ఈనాటికీ ఆయన ఎదుటే పాడుతున్నాం. కృష్ణా తీరాన శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువును కాసుల పురుషోత్తమ కవి శతకం పొడుగునా ఎత్తిపొడిచాడు. ఆ దేవుడూ పడ్డాడు. తమరు మాత్రం ఒక్క ప్రశ్న కూడా పడరు. దేవుళ్ళకు లేని మర్యాద తమకుంది.

ఉగాదికి నేను ఈ ఏడు చెయ్యాల్సినవి ఒక కాగితం మీద రాసుకున్నాను. అమ్మకు మోకాళ్ళ ఆపరేషన్ చేయించాలి. పెళ్ళితో ఆగిపోయిన నా బీఈడీ పూర్తి చెయ్యాలి. ఇంటి లోను కొంతైనా ముందే కట్టెయ్యాలి. భగవద్గీత 18 అధ్యాయాలూ అర్థంతో చదవాలి. తమ ఆశీర్వాదం కోసం ఆ కాగితాన్ని పళ్ళెంలో పళ్ళ పక్కన పెట్టి తెచ్చాను.

తమ చూపు ఎంత వాడిదో ఆ రోజే తెలిసింది. డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి, అమ్మ కాలు వంచి చూసి, గుజ్జు ఎక్కడెక్కడ అరిగిపోయిందో వేలితో చూపించి చెప్పాడు. తమకు అమ్మను చూడాల్సిన పని కూడా లేకపోయింది. "మూఢం వెళ్ళాక చూద్దాం తల్లీ" అన్నారు. బీఈడీ దగ్గరికొచ్చి, ఆడదానికి ఇల్లు చక్కబెట్టుకోవడాన్ని మించిన చదువు లేదన్నారు. లోను దగ్గర కాసేపు ఆగారు. ముందు హోమం జరిపిస్తే అప్పు దానంతటదే తీరుతుందన్నారు. కౌంటరులో గోత్రం, నక్షత్రం, ఫోన్ నంబరు రాసుకుని రశీదు ఇచ్చారు. ఆ నెల బ్యాంకు వాయిదా తప్పింది.

మూఢంలో పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు పెట్టుకోరని మా ఊళ్ళో పిల్లలకూ తెలుసు. శుక్రుడు సూర్యకాంతిలో కనబడకుండా పోయిన రోజుల్లో ముసలిదాని మోకాలి నొప్పి కూడా ఓపిక పట్టాలని చెప్పగలిగినవారు తమరొక్కరే. నొప్పి ఓపిక పట్టలేదు, అమ్మ పట్టింది. రాత్రిళ్ళు మంచంపట్టె పట్టుకుని లేచి, గోడ ఆసరాతో బాత్రూము దాకా నడిచి, గడప దాటలేక అక్కడే నిలబడిపోయేది. నన్ను లేపేది కాదు. "స్వామివారు ఆగమన్నారు కదే" అని నాకే సర్దిచెప్పేది. కన్నబిడ్డ మాటకన్నా, సొంత ఒంటి బాధకన్నా తమ మాటే నిజమని ఒక మనిషిని నమ్మించడం సామాన్యమైన శక్తి కాదు. అది తమకుందని ఒప్పుకుంటున్నాను. భయపడుతూ ఒప్పుకుంటున్నాను.

అదే మూఢంలో తమకు పన్నుపోటు వచ్చింది. సాయంత్రం దర్శనం రద్దు చేసి తమరు ఆస్పత్రికి వెళ్ళారని సేవకులే చెప్పారు. చాలా మంచి పని చేశారు స్వామీ. నొప్పిని దాచుకోవడం భక్తి కాదనీ, వైద్యానికి వేళ చూసుకోనక్కర్లేదనీ ఆచరించి చూపించారు. తమ బోధలన్నిటిలోకీ గొప్పది అదే. మైకులో చెప్పనిది కూడా అదొక్కటే.

నా కాగితంలో నాలుగోదాన్ని తమరు మెచ్చుకున్నారు. "చదువు తల్లీ, పుణ్యం" అన్నారు. ఆ మాటకు జన్మంతా ఋణపడి ఉంటాను. చదివాను. అర్జునుడు మొదటినుంచీ అడుగుతూనే ఉన్నాడు. మూడో అధ్యాయంలో అయితే, నీ మాటలతో నా బుద్ధి తికమకపడుతోంది, ఏదో ఒకటి తేల్చి చెప్పమని సాక్షాత్తూ కృష్ణుణ్ణే అన్నాడు. కృష్ణుడు అతణ్ణి రథం దించెయ్యలేదు. జవాబు చెప్పాడు. 700 శ్లోకాలు ముగియవస్తుండగా, అంతా ఆలోచించుకుని నీకు తోచినట్టు చెయ్యమన్నాడు. అక్కడినుంచి ప్రశ్నోపనిషత్తుకు వెళ్ళాను. ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ఏడాదిపాటు నియమంగా ఉండండి, ఆ తర్వాత కావలసింది అడగండి, మాకు తెలిస్తే చెబుతామంటాడు ఆయన. తెలిస్తే! అంతటి ఋషికి ఆ మాట అనడానికి నామోషీ కలగలేదు.

ఆ ధైర్యంతోనే సత్సంగంలో లేచి అడిగాను. "తమ పన్ను ఆగలేనప్పుడు మా అమ్మ మోకాలు ఎందుకు ఆగాలి స్వామీ?" తమరు కళ్ళు మూసుకున్నారు. కండువాలవాళ్ళు వచ్చి, గురువును ప్రశ్నిస్తే ఏడు జన్మల పాపమన్నారు. మర్నాటినుంచి పక్కింటి పిన్నిగారు మా గుమ్మం తొక్కడం మానేసింది. ఈ విద్యలో తమకు పెద్ద వారసత్వమే ఉంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపిస్తే, ఆయనతో కలిసి నడిచినవారిని వెలివేశారు. పంతులుగారి ప్రశ్నకు జవాబు లేనివారికి వెలి ఒక్కటే దొరికింది. అంత పాత ఆయుధాన్ని తుప్పు పట్టకుండా కాపాడుకొస్తున్నందుకు తమను మెచ్చుకోవాలి.

డాక్టరు ఇచ్చిన తేదీకే అమ్మకు ఆపరేషన్ చేయించాను. బీఈడీ పుస్తకాలు మళ్ళీ తీశాను. నా కాగితం మీద తమరు కొట్టేసినవాటిని నేనే మళ్ళీ రాసుకున్నాను. దేవుడి మీద నాకు కోపం లేదు. ఆయన మా అమ్మను ఆగమనలేదు. ఆయన పేరు చెప్పి ఆపినవారు తమరు. ఏం చెయ్యాలో, ఎప్పుడు చెయ్యాలో మేమే తేల్చుకోవడం మొదలుపెడితే తమ ఆసనం ఎత్తు తగ్గుతుందని తమకు తెలుసు. అందుకే మా కోరికల్లో ఎంత చిన్నదాన్నైనా తమ చేతి మీదుగా తప్ప పోనిచ్చేవారు కాదు. ఇంత శ్రద్ధ మా మీద మా కన్నవాళ్ళు కూడా పెట్టలేదు.

ఒక్కటే కోరిక మిగిలింది. ఇంకో తల్లి ఇంకో ఎక్స్‌రే పట్టుకుని తమ ముందుకు వస్తుంది. ఆమెతో "ఇది నాకు తెలియదమ్మా, డాక్టరు చెప్పినట్టు చెయ్యి" అనండి. ఆ మాట తమ నోట వచ్చిన రోజున తమ మీద స్తుతి రాస్తాను. అందులో ఎంత వెతికినా నింద దొరకదు.