అంతా అన్‌లిమిటెడ్, నీళ్లు మాత్రం ఎక్స్‌ట్రా

పనున్నవాళ్లంతా పనిలో ఉండే బుధవారం మిట్టమధ్యాహ్నం తీరిగ్గా కూర్చుని రెండు గంటలు తినగలిగినవాడే అసలైన శ్రీమంతుడు. ఆదాయపు పన్ను శాఖ ఎందుకో ఈ కొలమానాన్ని ఇంకా పట్టించుకోలేదు. ఆదివారం బఫేకి ఎవడైనా వెళ్తాడు. బుధవారం వెళ్లడానికి యోగం ఉండాలి. పైగా ఆదివారం కంటే ఆ రోజు రేటు తక్కువ. పని ఎగ్గొట్టినవాడికి రాయితీ ఇచ్చే వ్యాపారం లోకంలో ఇంకోటి లేదు.

పలాస, టెక్కలి వాళ్లకి విశాఖ వెళ్తే తప్పనిసరి పనులు మూడు: కేజీహెచ్‌లో చుట్టాన్ని చూడటం, ఆర్కే బీచ్‌లో ఫొటో దిగడం, ఏసీ హాల్లో నార్త్ ఇండియన్ బఫే తినడం. మొదటి రెండూ ఉచితం కాబట్టి వాటికి గౌరవం లేదు. ఊరికొచ్చాక చెప్పుకునేది మూడోదాని గురించే.

టెక్కలి బావ నాతో వచ్చాడు. తలకి ఐదొందలకి రూపాయి తక్కువని బోర్డు చూసినప్పుడు ఆయన మొహం వాడింది. కింద ‘అన్‌లిమిటెడ్’ అన్న మాట చూశాక వికసించింది. పొద్దున్న చద్దన్నం కూడా మానేసి వచ్చిన మనిషి. కానీ లోపలికెళ్లి ప్లేటు చేతిలో పెట్టగానే నిలదీశాడు.

“ఏటి బావా, సొమ్మూ మనవే ఇచ్చి, ఒడ్డనా మనవే సేసుకోవాలేటి? పెళ్లి బంతిలో కూకుంటే ఆలే ఒచ్చి ఏస్తారు గదా!”

నాగరికత ఇలాగే ఉంటుందని సర్దిచెప్పాను. “అయితే మరి గిన్నెలు ఎవులు తోముతారు?” అన్నాడు, అది కూడా నాగరికతలో భాగమేమోనన్న భయంతో.

బఫే హాలు కట్టినవాడు మనిషి బలహీనతలన్నీ చదివినవాడు. వేడి సూపు, పానీపూరి, ఉల్లి పకోడీ గుమ్మం దగ్గరే ఉంటాయి. ఆ తర్వాత నాన్‌లు, పులావులు. మాంసం, పనీర్ ఆ చివరెక్కడో. ఆకలితో వచ్చినవాడు మొదట కనబడిన చౌక సరుకుతోనే కడుపు నింపుకుంటాడు, ఖరీదైన గిన్నె దగ్గరికి చేరేసరికి బెల్టు వదులు చేసుకుంటాడు. బావ ఈ ఉచ్చులో మూడు గిన్నెల సూపు దాకా పడ్డాడు. పక్క బల్ల వాళ్లు మనకన్నా ముదుర్లు. వాళ్లకి తిండి ఆకలి సంగతి కాదు, వసూలు సంగతి. కట్టిన డబ్బుకి సరిపడా తిన్నామా లేదా అని గులాబ్ జామ్‌లు లెక్కపెట్టుకుంటున్నారు. టెక్కలి దగ్గర తేలినీలాపురం వచ్చే కొంగలూ గూడబాతులూ నయం. ఎంత దూరం నుంచి ఎగిరొచ్చినా, చిత్తడి తంపరలో చేపలు ఎన్నున్నా, పొట్టకీ పిల్లలకీ సరిపోయినంతే పట్టుకుంటాయి. వాటికి ముందుగా డబ్బు కట్టించుకోలేదు కాబట్టి కక్ష లేదు.

ఇక గిన్నెల ముందు చీటీలు. షాహీ పనీర్, మలై కోఫ్తా, నవరతన్ కుర్మా, కాజూ మసాలా. పేర్లు చదువుతుంటే మొఘల్ దర్బారులో నిలబడ్డట్టు ఉంటుంది. హోటల్ వంటింట్లో పనిచేసిన ఎవరినైనా అడగండి, గుట్టు చెబుతారు. తెల్లది, ఎర్రది, గోధుమరంగుది అని మూడు గ్రేవీలు పొద్దున్నే కాచి పెట్టుకుంటారు. వాటితోనే ముప్ఫై పేర్లు. ఎర్ర గ్రేవీకి పేరు తెచ్చింది ఏ పాదుషా కాదు. 1947 దేశ విభజనలో పెషావర్ నుంచి కట్టుబట్టలతో వచ్చి, ఢిల్లీ దరియాగంజ్‌లో మోతీమహల్ పెట్టుకున్న శరణార్థులు. ఆ గ్రేవీలోని టమాటా దక్షిణ అమెరికాది. తెల్ల గ్రేవీకి ప్రాణం జీడిపప్పు. దాని పుట్టిల్లు బ్రెజిల్, పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో గోవాకి తెచ్చారు. రాజెవడో తెలియకుండానే ‘షాహీ’ అయిపోయింది.

బావ తెల్ల గ్రేవీ ఒక గరిటె వేసుకుని నాలుక మీద పెట్టుకున్నాడు. పలాసలో పిల్లనిచ్చుకున్నవాడు కదా, క్షణంలో పట్టేశాడు.

“ఇది మన పప్పే బావా!”

పలాసదో, ఆఫ్రికా నుంచి దిగి పలాసలో పొట్టు ఒలిపించుకున్నదో, చుట్టరికం మాత్రం మనదే. పలాసని ఆనుకున్న కాశీబుగ్గలో అడిగితే వివరం చెబుతారు. గుండు పప్పుకి గ్రేడులుంటాయి: 180, 210, 240, 320. పౌనుకి సుమారుగా ఎన్ని గింజలు తూగుతాయో ఆ అంకె. అంకె పెరిగేకొద్దీ గింజ చిన్నది. పెద్ద గింజ దీపావళి డబ్బాల్లోకి ఎక్కి మంత్రులకీ అధికారులకీ నమస్కారం పెట్టడానికి వెళ్తుంది. బద్ద, ముక్క, నూక మిఠాయి కొట్లకీ హోటళ్లకీ పోతాయి. అక్కడ రుబ్బులో పడ్డ ముక్కకి షాహీ కిరీటం పెడతారు. మన ఊళ్లో ముక్కగా బతికినది ఉత్తరాది చీటీ తగిలించుకోగానే మహారాజయింది. మనలో చాలామంది పైకొచ్చింది కూడా ఈ పద్ధతిలోనే కాబట్టి పప్పుని తప్పుపట్టలేం.

నాకు అనుమానం పెరిగి విచారణ మొదలెట్టాను. గిన్నెలు పేర్చిన బల్ల మీది నీలి రాయిని తడిమి చూసి, “టెక్కలి గ్రానైటే” అని బావ తీర్పిచ్చాడు. తందూరీ రొట్టె కాలుస్తున్న కుర్రాడిని ఏ ఊరని అడిగితే, బరంపురం అన్నాడు. మన ఇచ్ఛాపురం పొలిమేర దాటితే వాళ్లూరే. రాయి టెక్కలిది, పప్పు పలాసది, చెయ్యి బరంపురానిది. ఆ హాల్లో నికరమైన ఉత్తరాది సరుకు గోడ మీది తాజ్‌మహల్ బొమ్మ ఒక్కటే.

ఇదే బావకి ఇంటి దగ్గర పచ్చి జీడిపప్పు కూరో, పనసపొట్టు కూరో వడ్డిస్తే “మళ్లీ ఇదేనా” అని మూతి తిప్పుతాడు. పలాస చుట్టుపక్కల ఉద్దానంలో చెట్టు కింద దొరికినది కూర, ఢిల్లీ తిరిగొస్తే వంటకం.

సరిగ్గా మేం రెండోసారి ప్లేటు నింపుకుంటున్న వేళకి పలాసలో ఆడవాళ్లు జీడి బట్టీల దగ్గర క్యారేజీలు విప్పుతుంటారు. ఆవిరికి ఉడికిన పిక్కని ఒక్కొక్కటిగా కోసి, పప్పు విరక్కుండా తీసి, ఆరాక పొట్టు ఒలిచి, గ్రేడు చేసేది ఎక్కువగా వాళ్లే. పిక్క తొక్కలో ఉండే జీడి రసం తగిలితే చర్మం కాలుతుంది, వేళ్లు నల్లబడతాయి. వాళ్ల బఫేలో అన్‌లిమిటెడ్‌గా దొరికేది అదొక్కటే.

రైతు సంగతి ఇంకా సరదా. 2018 ఫిబ్రవరి బడ్జెట్‌లో విదేశీ జీడి పిక్కల మీద దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి 2.5కి దించారు. అదే ఏడు అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లని పడుకోబెట్టింది. ప్రభుత్వం తలుపు తీసింది, తుపాను చెట్టు తీసింది. మిగిలిన రైతు 80 కిలోల బస్తాకి 16 వేలు ఇమ్మని రోడ్డెక్కాడు. అంటే కిలో పిక్కలకి 200 రూపాయలు. ఆ డిమాండుని మాత్రం ఎవరూ అన్‌లిమిటెడ్ అనలేదు, అత్యాశ అన్నారు.

చివరికి బిల్లొచ్చింది. అందులో 5 శాతం జీఎస్టీతో పాటు రెండు నీళ్ల సీసాలు విడిగా ఉన్నాయి. వాటి ధర కిలో పిక్కలకి రైతు అడిగినదానికి పెద్ద తక్కువేమీ కాదు. బావ మండిపడ్డాడు.

“అన్నీ తినీసినంత తినమని, నీల్లకి డబ్బులేటి?”

ఉద్దానం వాళ్లు ఈ బిల్లుని ఎప్పటినుంచో కడుతున్నారు. అక్కడ ఊరూరా కనిపించే కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు తేల్చకముందే జనం నీళ్లని అనుమానించి క్యాన్లు కొనడం మొదలెట్టారు. హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. డయాలసిస్ మనిషికి తిండీ నీళ్లూ రెండూ డాక్టరు గీసిన గీత లోపలే. సముద్రం, కొబ్బరి తోటలు, జీడి తోటలు అన్నీ పక్కనే పెట్టుకుని గుక్కెడు నీటిని లెక్కపెట్టుకునే ప్రాంతం నుంచి వెళ్లి మేం మూడు గిన్నెల సూపు తాగాం.

కాబట్టి బఫే మానమని చెప్పను. బుధవారమే వెళ్లండి, చీటీలన్నీ నమ్మండి, షాహీ అంటే షాహీయే అనండి. ఒక్కటి మాత్రం మానండి. అక్కడ ఐదొందలు నోరెత్తకుండా కట్టి, ఇంటికొచ్చే దారిలో కాశీబుగ్గలో బండి ఆపి, కిలో పప్పు మీద ఇరవై రూపాయలు తగ్గించమని అరగంట బేరమాడే అలవాటు. మార్చి నుంచి మే దాకా జీడి సీజను. ఈసారి చెప్పిన ధరకే కొనండి. ఆ ఇరవై మీ ప్లేటులో వదిలేసిన గ్రేవీ కంటే ఖరీదేం కాదు.