‘ది’గారి మర్యాదలు

ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనవాడికి వీధిలో పని కరువుండదు. శుభలేఖల దగ్గర్నుంచి బ్యాంకు అర్జీల దాకా “ఒక్కసారి చూసి పెట్టండి మాస్టారూ” అంటూ వస్తూనే ఉంటాయి. ఈ మధ్య మెడిసిన్ చదువుకు పైదేశం వెళ్ళే పిల్లల ఉత్తరాలు ఎక్కువయ్యాయి. ఇక్కడ సీటు దొరక్క, దొరికినా డొనేషన్ కట్టలేక, మన పిల్లలు చాలామంది ఫిలిప్పీన్స్ దారి పట్టారు. మా అన్నయ్య మనవరాలూ అదే దారిలో ఉంది. తనెందుకు డాక్టరు కావాలనుకుంటోందో రెండు పేజీలు రాసి తెచ్చింది. ఆశయాలు బాగానే ఉన్నాయి గానీ, దేశం పేరే నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంది.

“ఏదో ఒకటి కరెక్టయ్యుంటుంది కదా చిన్నతాతయ్యా!”

కాలేదు. ఎల్లు ఒక్కటే, నడుమ పీలు రెండు, చివర ఎస్సు, ముందు ‘ది’. ఇవన్నీ ఒక్క చోట కలుసుకున్న వాక్యం ఆ రెండు పేజీల్లో లేదు.

దిద్ది ఇచ్చాక అసలు పేచీ మొదలైంది. “దేశానికి పీహెచ్ పెట్టి, అక్కడి మనిషికి ఎఫ్ పెట్టారేంటి? పైగా ఒక పీ కూడా కొట్టేశారు!” న్యాయమైన ప్రశ్నే. జవాబుకి 1543 దాకా వెళ్ళాలి. విల్లాలోబోస్ అనే స్పెయిన్ నావికుడు అక్కడి లేతే, సమర్ దీవుల్ని చూసి, తమ యువరాజు ఫెలిపే పేరు పెట్టేశాడు. యువరాజుకి అప్పటికి మీసాలు వచ్చీ రాని వయసు. తర్వాత రాజయ్యాడు గానీ ఆ దీవుల మొహం ఏనాడూ చూడలేదు. ఫెలిపే ఇంగ్లీషులో ఫిలిప్ అయ్యాడు కనుక దేశానికి పీహెచ్ దక్కింది. మనిషిని మాత్రం స్పెయిన్‌వాళ్ళు పిలిచినట్టే ఎఫ్‌తో ఉంచేశారు. తీరా చూస్తే, తగలోగ్ భాషలో మొదట్నుంచీ ఎఫ్ ధ్వనే లేదు. వాళ్ళు హాయిగా ‘పిలిపీనాస్’ అనుకున్నారు. 2013లో వాళ్ళ భాషా సంఘం “ఇకనుంచి ఎఫ్‌తో రాద్దాం” అని తీర్మానిస్తే దానిమీదా వాదులాటే. సొంతవాళ్ళకే తేలని పేరును మా పిల్ల నాలుగు రకాలుగా రాసిందంటే, మరీ అంత ఘోరమేమీ కాదు.

ఇక ‘ది’. తెలుగులో ఆ సరుకే లేదు. అందుకే మనవాళ్ళు అయితే దాన్ని ఎక్కడా ముట్టుకోరు, లేదంటే కనబడిన చోటల్లా చల్లుతారు. “ఇండియాకి లేని ‘ది’ దీనికెందుకు?” అంది. అది దీవుల గుంపమ్మా అన్నాను. అమెరికా ఏలుబడిలో ఇంగ్లీషులో ‘ది ఫిలిప్పీన్ ఐలాండ్స్’ అనేవారు. తర్వాత్తర్వాత ‘ఐలాండ్స్’ రాలిపోయినా ‘ది’ మాత్రం దిగలేదు.

సోలమన్ ఐలాండ్స్ కూడా దీవుల గుంపే. దీవులన్న మాట పేరులోనే ఉంది. అయినా 1978లో స్వతంత్రమైనప్పటినుంచీ వాళ్ళ అధికారిక నామంలో ‘ది’ లేదు. బహామాస్‌వాళ్ళు 1973 రాజ్యాంగంలోనే ‘ది’ని రాసి పెట్టుకున్నారు, అదీ పేరు మధ్యలో సైతం పెద్ద టీతో. మాల్దీవులకు సరదాగా తిరగడానికి వెళ్ళేవాళ్ళు ‘ది’ తగిలిస్తారు, ఆ ప్రభుత్వం మాత్రం ‘రిపబ్లిక్ ఆఫ్ మాల్దీవ్స్’ అంటుంది.

“మరి రూలేంటి?”

రూలు కాదు, ‘గారు’ అనుకో అన్నాను. ఎవరికి ఎంత మర్యాద కావాలో వాళ్ళే చెబుతారు. బహామాస్‌కి గారు లేనిదే గడవదు. సోలమన్ వద్దులెండి అంటుంది. ఫిలిప్పీన్స్ మాత్రం మాటల్లో గారు అనమంటుంది, కవరు మీద అడ్రసులో అక్కర్లేదంటుంది.

పోలిక పిల్లకు తెగ నచ్చేసింది. “గారు ఉంటే బహువచనం కదా! అయితే ‘ఆర్’ పెట్టాలి” అని ‘ఈజ్’ కొట్టేసింది. మళ్ళీ దిద్దాను. మనం ఒక్క మనిషికి గారు తగిలించి “వచ్చారు” అంటాం. ఇంగ్లీషువాడు 7,641 దీవులకు గారు తగిలించి ‘ఈజ్’తో సరిపెడతాడు. మర్యాద లెక్కల్లో మనది పెద్ద చెయ్యి. అక్కడి పెసోకీ, విమానాలకీ మళ్ళీ ఎస్సు కూడా ఉండదని చెప్పబోయి, పిల్ల మొహం చూసి ఊరుకున్నాను.

నిజానికి ఈ మర్యాదలేవీ తెలియకుండానే మా పశ్చిమగోదావరికి ఆ దేశంతో చుట్టరికం కలిసింది. లాస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐఆర్8 వంగడాన్ని మరుసటేడే ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావుగారు తన పొలంలో వేశారు. ఆ విత్తనం ఏ దీవిలో పుట్టిందో అడగనివాళ్ళు కూడా గాదెలు నింపుకున్నారు. ముందు ‘ది’ లేదని ఒక్క కంకీ పాలుపోసుకోవడం మానలేదు.

ఉత్తరం వెళ్ళింది, సీటొచ్చింది, అమ్మాయి మనీలా చేరింది. మొన్న వీడియోకాల్‌లో తను అద్దెకుంటున్న ఇంటావిడను తల్లికి చూపించింది. ఆవిడ నిండుగా నవ్వి “గుడ్ ఈవినింగ్ పో” అంది. మా కోడలి మొహం మాడిపోయింది. మాట్లాడుతున్నంతసేపూ అదే వరస. “థాంక్యూ పో”, “టేక్ కేర్ పో”. ఫోను పెట్టగానే నా దగ్గరికొచ్చింది.

“చూశారా మామయ్యగారూ, ఆరు నెలల అద్దె ముందే కట్టాం. మాట్లాడితే పో పో అంటుందేంటండీ ఆవిడ?”

తగలోగ్‌లో ‘పో’ అంటే మన ‘అండీ’ అనీ, పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాటమాటకీ దాన్ని కలుపుతారనీ చెప్పాను. కాసేపు ఆలోచించి, “అయితే రేపు నేనూ ఆవిణ్ణి పో అనొచ్చాండీ?” అంది.