గంటన్నర దూరం

తిరిగొచ్చి పన్నెండు రోజులైంది. వేళకాని వేళ నిద్ర రావడం తగ్గింది, మోకాళ్ల వాపు తీసింది, ఆ పసుపుపచ్చ బోర్డు మీద కోపం మాత్రం పోలేదు.

స్విట్జర్లాండ్‌లో కొండదారి మొదట్లో ఒక స్తంభం, దానికి బాణంలా కత్తిరించిన పసుపు రేకులు ఉంటాయి. రేకు మీద చెరువు పేరు రాసి, పక్కన గంటన్నర అని వేస్తారు. ఎన్ని కిలోమీటర్లో వెయ్యరు. నేను నీటిపారుదల శాఖలో ముప్పై మూడేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. కాలవ గట్టు వెంట గొలుసు పట్టించి, రాయి పాతించి, రాయి మీద అంకె వేయించినవాణ్ణి. నాకు దూరాన్ని గంటల్లో చెప్పడమంటే బియ్యాన్ని మూరల్లో కొలిచి పొయ్యడమే. ఎవరి గంట? ఎవరి కాళ్లు?

మావాడు విడమరిచాడు. చదును నేల మీద గంటకు 4.2 కిలోమీటర్లు నడిచే మనిషిని తీసుకుని, ఎక్కుడు దిగుడులకు సవరణ చేసి కడతారట. మధ్యలో ఆగడాలు అందులో కలవవు. "సగటు మనిషి లెక్క నాన్నా" అన్నాడు. ఆ సగటు మనిషి ఎవడో గానీ వాడికి దాహం వెయ్యదు. బూటులో రాయి దూరదు. వెనక నుంచి "ఏవండీ, ఒక్క ఫొటో" అనే మనిషి లేదు. దేశం మొత్తం మీద 65,000 కిలోమీటర్ల నడకదారులున్నాయని కూడా మావాడే గొప్పగా చెప్పాడు. చూశారా, నేను నడవక్కర్లేని అరవై అయిదు వేలూ కిలోమీటర్లలో చెబుతారు, నడవాల్సిన నాలుగూ గంటల్లో చెబుతారు!

"మరి మనవాళ్లు కూతవేటు దూరం అంటారుగా, ఎవరి కూత?" అని అడిగాడు వాడు. జవాబు తోచక కారు బాగుందన్నాను.

నిజానికి కారు కూడా ఏం బాగాలేదు. మన దగ్గర డ్రైవరు కూర్చునే వైపు నన్ను కూర్చోబెట్టాడు. మూడు రోజులూ లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాను. జూరిక్ నుంచి లూసెర్న్ మీదుగా బ్రూనిగ్ కనుమ దాటాక బ్రియెంజ్ సరస్సు కనిపించింది. రంగు చూస్తే ఎవరో పోస్టర్‌కి వేసి ఆరబెట్టినట్టుంది. హిమానీనదాలు రాయిని పిండిగా నూరితే, ఆ పిండి ఏటినీళ్లలో కొట్టుకొచ్చి తేలుతుంది కాబట్టి ఆ రంగు. అంటే ఒండ్రేనన్నమాట! మన కృష్ణ కాలవకు కొత్తనీరు ఎర్రగా వస్తే ముక్కు మూసుకుంటాం, వీళ్ల ఒండ్రు చూడ్డానికి విమానం ఎక్కి వెళతాం. ఆ ఒడ్డునే ఇసెల్ట్‌వాల్ట్ అనే చిన్న ఊళ్లో ఒక చెక్క రేవు ఉంది. కొరియా సీరియల్లో హీరో అక్కడ పియానో వాయించాడట. అందుకని ఇప్పుడు దాని మీద నిలబడాలంటే గేటు దగ్గర 5 ఫ్రాంకులు కట్టాలి. మా ఆవిడ కట్టించింది.

ఇక అట్టచక్రం సంగతి. బోర్డు గురించి మొదలుపెట్టి ఇక్కడికి రాకూడదు గానీ, రాకుండా ఉండలేను. ఊళ్లలో నీలం గీతల మధ్య కారు ఊరికే పెట్టుకోవచ్చు, ఒక గంట. అద్దం వెనక ఒక అట్టముక్క పెట్టి, దాని చక్రం తిప్పి, ఎన్నింటికి వచ్చామో మనమే చూపించాలి. ఉన్న టైము కాదు, రాబోయే అరగంట గీత. పదీ అయిదుకు వస్తే పదిన్నర పెట్టి, అక్కడి నుంచి గంట లెక్కేసుకుని పదకొండున్నరకు తియ్యాలి. పదకొండున్నరకూ ఒంటిగంటన్నరకూ మధ్య వస్తే మాత్రం రెండున్నర దాకా అడిగేవాడుండడు. వంతులవారీగా నీళ్లు వదిలినవాణ్ణి, నాకే కాగితం కావలసి వచ్చింది.

ష్పీట్స్‌లో కారు పెట్టి కాఫీకి కూర్చుంటే ఒక్క గుక్క దిగలేదు. ఖాకీ చొక్కా లేదు, రసీదు పుస్తకం లేదు, ఈల లేదు. మనల్ని మనమే కాపలా కాసుకోవాలి. "ఎవరూ చూడ్డం లేదుగా, ఇంకో అరగంట తిప్పెయ్యండి" అంది మా ఆవిడ. మావాడు మమ్మల్ని చూసిన చూపు, వాడు పదో తరగతిలో కాపీ కొడుతూ దొరికుంటే నేను చూడాల్సిన చూపు. ఆ అట్ట ఒకటి అడిగి తెచ్చుకున్నాను. తెనాల్లో మా ఫ్రిజ్ మీద ఉంది. భోంచేసి పడుకునే ముందు పన్నెండున్నరకు తిప్పుతాను. రెండున్నర దాకా నన్ను లేపే హక్కు ఎవరికీ లేదు. మా ఆవిడకు స్విస్ నిబంధనలు వర్తించవని తేలింది.

మళ్లీ బోర్డు దగ్గరికి. కాండర్‌స్టెగ్ నుంచి ఓషినెన్ సరస్సుకు కేబుల్ కారు ఉంది. "నడిస్తే బాగుంటుంది" అన్నాడు మావాడు. ఊరు దాదాపు 1,200 మీటర్ల ఎత్తు, చెరువు 1,578. నేను డెల్టా మనిషిని. మా కాలవలకు మైలుకు అడుగు వాలుంటే గొప్ప. గంటన్నర నడిచాక ఇంకో పసుపు రేకు కనిపించింది. ఇంకా నలభై నిమిషాలట! అబద్ధం ఆడదు, జాలీ పడదు. మన దగ్గర గట్టు మీద ఎవర్నడిగినా "ఇదిగో, ఈ మలుపు తిరిగితే వచ్చేసినట్టే" అంటారు. రాదని అడిగేవాడికీ తెలుసు. కాళ్లు మాత్రం లేస్తాయి.

బెంచీ మీద కూలబడ్డాను. మీ అబ్బాయి ఉండేది ఎంత దూరమండీ అని తెనాల్లో అడిగితే మేమూ ఎప్పుడూ కిలోమీటర్లు చెప్పలేదు. గాల్లో పదకొండు గంటలు, మధ్యలో ఆగేది కాక, అంటాం. కిందటిసారి వాణ్ణి చూసి మూడేళ్లయింది. అదీ లెక్కలో కలపం.

"వచ్చేశాం నాన్నా, ఆ మలుపు అవతలే" అన్నాడు వాడు, బోర్డు చూడనట్టు.

వాడికి ఆరేళ్లప్పుడు అలిపిరి మెట్లు ఎక్కించాను. 3,550 మెట్లు. ప్రతి మలుపులోనూ "అదిగో, వచ్చేశాం" అన్నాను. వాడు సగం దారిలోనే నమ్మడం మానేశాడనీ, నాన్న బాధపడతాడని నమ్మినట్టు ఎక్కాడనీ ఆ రాత్రి వాళ్లమ్మ చెప్పింది. నేనూ లేచి నమ్మినట్టు నడిచాను.

చెరువు బాగుంది. అలవాటు కొద్దీ అలుగు ఎక్కడుందని వెతికాను. లేదు, తూమూ లేదు. ఎప్పుడో కొండ విరిగిపడి అదే కట్ట అయింది, నీళ్లు నేల అడుగునుంచి పోతాయి. మా హయాంలో కట్ట కింద అలా నీరు కారితే మెమో ఇచ్చేవాళ్లు. దీనికి యునెస్కో వారసత్వ గుర్తింపు ఇచ్చారు.

దిగేటప్పుడైనా కేబుల్ కారు ఎక్కుదామంటే, దాని స్టేషన్ చెరువు కన్నా ఎత్తులో ఉంది. కిందికి పోవాలంటే ముందు పైకెక్కాలి. దండం పెట్టి నడిచే దిగాం. సగం దారిలో ఒక కుటుంబం ఎదురైంది. ఎర్రగా కందిన మొహాలు, చంకలో పిల్లాడు, చేతిలో ఖాళీ సీసా. మా మాటలు విని ఆవిడ ఆగింది.

"తెలుగువాళ్లేనా? ఇంకా ఎంత దూరమండీ బాబాయిగారూ?"

మావాడు నోరు తెరవబోయాడు. వాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఇదిగో అమ్మా, ఆ మలుపు తిరిగితే వచ్చేసినట్టే."