అవగాహనకి జై

డిసెంబరు 1 వచ్చింది, మనవాళ్లు ఎయిడ్స్‌ని మళ్లీ తరిమేశారు. ఇంటర్ పిల్లలతో మానవహారం, ఎర్ర రిబ్బన్లు, జెండా ఊపిన అధికారి గారికి శాలువా. మైకులో ఎప్పటి పాటే: అవగాహన లోపమే అసలు సమస్య. మగవాళ్లతో కలిసే మగవాళ్లలో అయితే ఆ లోపం మరీ ఎక్కువట.

అమీర్‌పేట హాస్టల్లో ఉండే అలాంటి కుర్రాడికి కండోమ్ ఎందుకో మైకు పట్టుకున్నాయన కంటే బాగా తెలుసు. తెలియనిదల్లా దాన్ని కొనడం ఎలాగన్నదే. మెడికల్ షాపులో పక్కనున్న ఆంటీ వెళ్లేదాకా విక్స్ బిళ్లలు కొంటాడు. ఆమె వెళ్లేసరికి ఇంకొకాయన. ఈసారి దూది కొంటాడు. చివరికి గొంతు తగ్గించి అడిగితే, షాపాయన అటూ ఇటూ చూసి, పేపర్లో చుట్టి, నల్ల కవర్లో వేసి, కౌంటర్ కిందనుంచి అందిస్తాడు. బీపీ బిళ్లలకు లేని ఘోషా దీనికెందుకో! పైగా నల్ల కవరు చూస్తే వీధి మొత్తానికీ తెలుసు: లోపల ఉంటే క్వార్టర్ సీసా, లేకపోతే ఇది.

తెచ్చాక దాచేదెక్కడ? ఆరుగురుండే రూములో పర్సులోంచి బయటపడితే, "ఎవర్రా ఆ అమ్మాయి?" అని పార్టీ అడుగుతారు. అమ్మాయి కాదని తెలిస్తే సామాను రోడ్డు మీదే.

టీవీలో కండోమ్ ప్రకటనలా? ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా వద్దని 2017లో కేంద్రమే చెప్పింది.

పోనీ, అవగాహన పెంచేవాళ్లనైనా వదిలారా? లక్నోలో 2001లో ఇలాంటి మగవాళ్ల మధ్య హెచ్‌ఐవీ నివారణ పని చేస్తున్న కార్యకర్తల్నే పోలీసులు పట్టుకెళ్లి, స్వలింగ సంపర్కాన్ని నేరమన్న 377 సెక్షన్ పెట్టి, 47 రోజులు జైల్లో ఉంచారు. 2011లో కేంద్ర ఆరోగ్య మంత్రి గులాం నబీ ఆజాద్, అదీ హెచ్‌ఐవీ సదస్సులోనే, మగవాళ్లు మగవాళ్లతో కలవడం ఒక జబ్బన్నారు. 2018లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్ కోరలు పీకింది కానీ, పార్కు గేటు దగ్గరి లాఠీ దాకా ఆ తీర్పు ఇంకా నడిచి రాలేదు. జేబులో ప్యాకెట్ దొరికితే బేరం మొదలు.

ఎవరొస్తారోనని చెవులు బయట పెట్టి, చీకట్లో కలిసేవాడికి జాగ్రత్తలు తీసుకునే తీరిక మీరిచ్చారా? దొరక్క దొరక్క దొరికిన తోడు "నా మీద నమ్మకం లేదా?" అంటే, ఆ ఒక్కణ్ణీ పోగొట్టుకునే ధైర్యం ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటాడు? భయాన్ని మీరే నూరిపోసి, లోపం వాడిదంటారా?

ఇక ఇంట్లోవాళ్ల వైద్యం ఒకటుంది: పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయి. చేస్తారు. కట్నమూ పుచ్చుకుంటారు. ఆ పిల్లకి కడుపుతో ఉన్నప్పుడు చేసే రక్తపరీక్షలో గానీ హెచ్‌ఐవీ సంగతి తెలియదు. అప్పుడూ అత్తగారు నిలదీసేది కోడల్నే, ఎక్కణ్ణుంచి తెచ్చావని.