అలాస్కా వెళ్తున్నారా? పిల్లల్ని మాత్రం అడక్కండి

మొదట చేయాల్సింది కాలనీ వాట్సాప్ గ్రూపులో చెప్పడం. టికెట్ కొనక ముందే, వీసా రాక ముందే, అసలు ఆఫీసులో లీవు దొరుకుతుందో లేదో తేలక ముందే "సమ్మర్‌కి అలాస్కా క్రూజ్ అనుకుంటున్నామండీ" అని ఒక ముక్క వదలండి. మన నాచారం హెచ్‌ఎంటీ నగర్‌లో పొద్దున పెట్టిన మెసేజి సాయంత్రానికి ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి రామంతాపూర్ చేరుతుంది. ఇక వెనక్కి తగ్గే దారి ఉండదు. నిర్ణయాలు ఇలాగే గట్టిపడాలి.

ఇంట్లో తొమ్మిదో తరగతి పాప, ఇంటర్ ఫస్టియర్ బాబు ఉంటారు కదా, వాళ్లను మాత్రం అడక్కండి. పాపను అడిగారంటే రాత్రికి రాత్రి నాలుగు వీడియోలు చూసి ఏ ఓడ ఏ గ్లేసియర్ దాకా వెళ్తుందో, ఏది దూరం నుంచి చూపించి తిప్పేస్తుందో తెల్లారేసరికి చెప్పేస్తుంది. బాబు ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు, "వైఫై ఉంటదా డాడీ?" అని. ఉంటుంది, విడిగా డబ్బు కట్టాలి. ఆ సంగతి ఓడెక్కాక తెలిస్తే చాలు. డబ్బు పెట్టేది మీరు, ఊళ్లో చెప్పుకునేది మీరు. మధ్యలో వాళ్ల ఇష్టాయిష్టాలు ఎందుకు?

ఇక ఎప్పుడు వెళ్లాలన్నది. అలాస్కా ఓడలు ఏప్రిల్ చివర మొదలై అక్టోబర్ నాటికి ఆగిపోతాయి. మన బడులకు ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. మే నెలలో అక్కడ వాన తక్కువ, టికెట్టూ జూన్, జులైల కంటే చవక. సెలవు, వాతావరణం, ధర మూడూ ఒకేచోట కలిశాయంటే అందులో ఏదో తిరకాసు ఉంటుంది, నమ్మొద్దు. సెప్టెంబర్‌కి పెట్టుకోండి. వానకు వాన, పరీక్షలకు పరీక్షలు. దారిలో ఓడ ఆగే కెచికన్ అనే ఊళ్లో ఏడాదికి మూడున్నర మీటర్ల పైనే వాన పడుతుంది, అంటే హైదరాబాద్‌కు నాలుగు రెట్లు. ఉప్పల్‌లో ఒక్క గంట వానకే రోడ్డు మీద పడవ వేయాలన్న మాట వింటుంటాం కాబట్టి ఇదేమీ కొత్తగా అనిపించదు. బాబు కాలేజీ వాళ్లు సెలవివ్వనంటే కెమిస్ట్రీ మెటీరియల్ సూట్‌కేసులో పెట్టండి. జాకెట్లకు చోటు చాలకపోతే జాకెట్లు తీసేయొచ్చు.

వీసా దగ్గర మాత్రం ధైర్యం కావాలి. వీసా చేతికొచ్చేదాకా టికెట్లు కొనొద్దని అమెరికా వాళ్లే చెబుతారు. మీరు ముందే కొనేయండి, అదీ డబ్బు వాపసు ఇవ్వని రకం. టికెట్ చూస్తే ఇవ్వక ఏం చేస్తారు? కాన్సులేట్ 2023లో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది. నాచారం నుంచి అంటే ఊరికి ఆ చివర. హబ్సిగూడలో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా రాయదుర్గంలో దిగొచ్చు. అయినా కార్లోనే వెళ్లండి. ట్రాఫిక్‌లో ఇంటర్వ్యూ జవాబులు నలుగురూ రెండుసార్లు వల్లె వేసుకోవచ్చు.

కెనడా వీసా సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వేయండి. "మేం పోయేది అమెరికాకు, కెనడాకెందుకు?" అనండి. వాళ్లు చెప్పేదాంట్లో నిజం ఉంది, కానీ వినడానికి విసుగు. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా ఉన్న ఓడ సియాటిల్‌లో జనాన్ని ఎక్కించుకుని, అలాస్కా తిప్పి, మళ్లీ సియాటిల్‌లోనే దించాలంటే మధ్యలో ఒక పరాయి దేశపు రేవును తాకాలి. పెద్ద క్రూజ్ ఓడలన్నీ దాదాపు పరాయి జెండావే. అందుకే ఏడు రాత్రుల యాత్రలో చివరి సాయంత్రం ఓడ కెనడాలోని విక్టోరియాలో కాసేపు ఆగుతుంది. మీరు దిగకుండా పడుకున్నా సరే, భారతీయ పాస్‌పోర్టు మీద కెనడా వీసా ఉండాల్సిందే. ఆ మాట సియాటిల్ రేవులో, ఎనిమిది పెట్టెలతో కౌంటర్ ముందు నిలబడ్డప్పుడు వింటే జీవితాంతం గుర్తుంటుంది. ఓడ మిమ్మల్ని వదిలి వెళ్లిపోయినా బావమరిది ఇల్లు ఆ ఊళ్లోనే ఉంటుంది కదా. వారం రోజులు వాళ్ల గరాజ్ చూడొచ్చు.

వాంకూవర్‌లో ఎక్కి అలాస్కాలోని విటియర్‌లోనో సీవర్డ్‌లోనో దిగే ఓడలూ ఉన్నాయి. అవి దీవుల చాటున, నెమ్మదైన నీళ్లలో పోతాయి. సియాటిల్ ఓడల్లో చాలావరకు వాంకూవర్ దీవికి అవతల, బయటి సముద్రం మీదుగా వెళ్తాయి, అల ఎక్కువ. కడుపులో తిప్పే పిల్ల ఇంట్లో ఉంటే ఏది ఎంచుకోవాలో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. వాంతుల మాత్ర ఓడ కదిలాక గంటకు వేయాలి, ముందు వేస్తే పనిచేస్తుంది.

ఇప్పుడు గది. దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కుటుంబాలు బాగుపడేదీ చెడేదీ ఇక్కడే. నలుగురికీ కలిపి ఒక్కటే గది తీసుకోండి, కిటికీ లేనిది. మూడో మనిషికి, నాలుగో మనిషికి చాలా ఓడల్లో ఛార్జీ తక్కువ. పగలు గోడలో మడిచి ఉన్న పై పడకలను రాత్రికి దించుతారు. నిచ్చెన మీద బాబు కాళ్లు, దాని కింద మీ ముఖం. సికింద్రాబాద్ నుంచి తిరుపతికి థర్డ్ ఏసీలో వెళ్లినట్టే ఉంటుంది, కాకపోతే రేణిగుంట రావడానికి వారం పడుతుంది. బాత్రూం ఒకటే. షవర్ తెర ఎంత జరిపినా ఒంటికి అతుక్కుంటుంది. పాప తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుని బయటికి వచ్చేలోపు ఓడ ఒక జిల్లా దాటుతుంది. కిటికీ లేదు కాబట్టి, ఒకవేళ జూన్‌లోనే వెళ్లినా, రాత్రి పదింటికి కూడా బయట వెలుతురు ఉంటుందన్న సంగతి ఎవరికీ తెలియదు. పడుకోమంటే పడుకుంటారు.

మధ్యలో తలుపున్న రెండు పక్కపక్క గదులు తీసుకుంటే పిల్లలకు ఒక తాళం, పెద్దవాళ్లకు ఒక తాళం. కాగితం మీద మైనర్లతోపాటు ఒక పెద్ద పేరు రాయమంటారు కొన్ని కంపెనీలు, అదేం కష్టం కాదు. అయితే అలా చేస్తే పిల్లలు సంతోషంగా ఉంటారు. వారం రోజులు సంతోషంగా ఉన్న పదిహేనేళ్ల పిల్లవాడు ఇంటికొచ్చాక తన గదికి గడియ అడుగుతాడు. ఎందుకొచ్చిన తలనొప్పి?

టీనేజీ వాళ్ల కోసం ఓడలో విడిగా ఒక క్లబ్బు ఉంటుంది. మొదటి సాయంత్రమే అక్కడికి వెళ్లిన పిల్లలు ఒకరికొకరు పరిచయమైపోతారు, ఆ తర్వాత ముఠాలు కుదిరిపోతాయి. అందువల్ల మొదటి రెండు రోజులు వదలకండి. మూడో రోజు మీరే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, అందరి ముందు "మా వాడు కొంచెం షై" అని పరిచయం చేయండి. మిగిలిన నాలుగు రోజులూ మీ పక్కనే ఉంటాడు.

తిండి గురించి ఇక్కడి వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు. చాలా ఓడల్లో ముందే రాసి పెడితే మన భోజనం, శాకాహారం వండి పెడతారు. రాయకండి. రైస్ కుక్కరు స్వెటర్ల మధ్య చుట్టి తీసుకెళ్లండి. వేడెక్కే కరెంటు వస్తువులేవీ ఓడలోకి రానివ్వరు, ఎక్కేటప్పుడు స్కానర్‌లో పట్టుకుంటారు. అప్పుడు వెనక వరుసలో ఉన్న మూడు వందల మంది చూస్తుండగా మీరు కుక్కరు వాదన చేస్తుంటారు, పాప ఎవరి పిల్లో అన్నట్టు పది అడుగుల దూరంలో నిలబడుతుంది. దొరలతో గట్టిగా మాట్లాడటం పిల్లలు చూసి నేర్చుకోవాలి.

చలికి సాధన కావాలంటే లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర స్నో వరల్డ్ ఉంది. వాళ్లిచ్చే కోటులో గంటసేపు ఆడుకుని బయటికొస్తే ధైర్యం వస్తుంది. అలాస్కా ఎండాకాలంలో పగలు పది, పదిహేను డిగ్రీలే, అసలు బాధ గాలి, వాన. వాటిని ఆపే పైజాకెట్ కొనమంటారు. మంకీ క్యాపు ఉండగా అదెందుకు?

రేవుల్లో దిగినప్పుడు పిల్లలు రకరకాలు అడుగుతారు. జూనోలో తిమింగలాలు, కెచికన్‌లో టోటెమ్ స్తంభాలు, స్కాగ్వేలో 1898లో బంగారం వేట రోజుల్లో మొదలుపెట్టి కొండల్లోకి వేసిన సన్న రైలు. హెలికాప్టర్‌లో గ్లేసియర్ మీద దిగి కుక్కల బండి ఎక్కడం కూడా ఉంది, మనిషికి వందల డాలర్లు. రైలు మన దగ్గర లేదా, కుక్కలు నాచారంలో తక్కువా? రేవుకు ఎదురుగానే నగల దుకాణాలు వరసగా ఉంటాయి. నలుగురూ అందులోకే వెళ్లండి. వదినకు ఉంగరం బేరం చేసేలోపు ఓడ కూత వేస్తుంది.

ఇక గ్లేసియర్. దాని పేరు చూడకండి, ఓడ మీద జారుడుబల్లలు ఎన్నున్నాయో చూసి ఎంచుకోండి. గ్లేసియర్ బే నేషనల్ పార్కులోకి రోజుకు రెండు పెద్ద క్రూజ్ ఓడలనే రానిస్తారు. పార్కు రేంజర్లు ఓడెక్కి మైకులో అంతా వివరిస్తారు. మిగిలిన ఓడలు కొన్ని హబ్బర్డ్ దగ్గరికి వెళ్తాయి, అది సుమారు 120 కిలోమీటర్ల పొడవున్న మంచునది. కొన్ని ఇరుకైన ఎండికాట్ ఆర్మ్ లోయ వైపు పోయి, మంచు ముక్కలు అడ్డొస్తే వెనక్కి తిరుగుతాయి. కరపత్రంలో అన్నిటికీ "గ్లేసియర్ దర్శనం" అనే రాసి ఉంటుంది. దర్శనం దర్శనమే. 1977 సంక్రాంతికి వచ్చిన దానవీరశూరకర్ణ కోసం ఎన్టీఆర్ కురుక్షేత్రాన్ని నాచారంలోని తన స్టూడియోకే రప్పించారు. అది చూసిన ప్రాంతం మనది, ఏ కొండైతే ఏం?

పొద్దున వాకింగ్‌లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు తగిలితే ఈ విషయం ఎత్తొద్దు. ఆ సంస్థ అంటార్కిటికాలోని భారత స్థావరం మైత్రి దగ్గర భూకంపాలను నమోదు చేసే కేంద్రం నడుపుతుంది, మంచు మీద గడిపి వచ్చినవాళ్లు ఆ గేటు లోపల ఉంటారు. పాత మంచు ఎర్ర కాంతిని మింగేస్తుంది కాబట్టి నీలంగా కనిపిస్తుందని, ఓడ అక్కడ రెండు వైపులా తిరుగుతుంది కాబట్టి బాల్కనీకి డబ్బు తగలేయక్కర్లేదని, పై డెక్కు మీదికి పొద్దున్నే వెళ్లి నిలబడమని చెబుతారు. ఇన్ని తెలిస్తే నిద్ర పాడు.

ఆ రోజు డెక్కు మీద ఇలా జరుగుతుంది. ఎదురుగా గ్లేసియర్ బేలోని మార్జరీ గ్లేసియర్, నీటిపైకి ఇరవై అంతస్తుల ఎత్తు. ఒక పెచ్చు విరిగి జారుతుంది. ముందు కంటికి కనిపిస్తుంది, శబ్దం ఒకటి రెండు సెకన్ల తర్వాత వస్తుంది. ఆ మధ్యలో మీరు ఫోను తిప్పి మీ ముఖం పెట్టుకోండి. రేంజరు మైకులో చెబుతుంటాడు, 1794లో జార్జి వాంకూవర్ బృందం వచ్చేనాటికి ఈ అఖాతం దాదాపు లేనట్టేనని, లోపలంతా మంచేనని, 1916 నాటికి ఆ మంచు సుమారు వంద కిలోమీటర్లు వెనక్కి పోయిందని. పాప వింటుంది. విన్నాక మీ వైపు తిరిగి, "మరి మనం వచ్చిన ఓడ పొగకు కూడా కరుగుతుందా నాన్నా?" అంటుంది. జవాబు ఇంటి దగ్గరే తయారు చేసుకుని వెళ్లండి. "ముందు ఆ క్యాపు సరిగ్గా పెట్టుకుని ఇటు చూడు, పెద్దమ్మకు ఫొటో పంపాలి" అనండి.