ముందు పడవ, తర్వాత నీళ్లు

చెరువు బాగుపడిందని బెంగళూరులో ఎవరినైనా నమ్మించాలంటే నీళ్లు చూపించక్కర్లేదు, పడవ చూపిస్తే చాలు. చుట్టూ నడకబాట, ఇనుప కంచె, కూర్చోవడానికో మంటపం, సెల్ఫీలకోసం నిలువెత్తు అక్షరాల్లో చెరువు పేరు. అక్కడికి సగం అభివృద్ధి అయినట్టు. మిగతా సగం పడవల రేవు. అభివృద్ధి నక్షాలో నీలం నీళ్ల మీద ఒక తెల్లని పడవ ఉంటుంది, అందులో చేతులూపే అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలూ ఉంటారు. వాన నీళ్లు మోయాల్సిన రాజకాలువ వచ్చి చెరువులో కలిసే చోట మాత్రం గుబురుగా ఒక చెట్టు గీసి ఉంటుంది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వాళ్లకు ఆ చెట్టు వెనక ఏముందో ఎవరూ చెప్పనక్కర్లేదు. గాలి ఇటు తిరిగితే చాలు.

మా లేఅవుట్‌ను ఆనుకుని అగర చెరువు, దాని దిగువన బెల్లందూరు. మడివాళ చెరువు నిండితే అగరకు, అగర నిండితే బెల్లందూరుకు, అక్కణ్నుంచి వర్తూరుకు, ఆపైన దక్షిణ పినాకినికి నీళ్లు పోవాలి. కోలారులోనూ రాయలసీమలోనూ మనవాళ్లు ఎరిగిన గొలుసుకట్టు చెరువులే ఇవీ. వీటిని తవ్వించిన వాళ్లకు పడవ షికారు తట్టలేదు పాపం. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంత వదలాలో చూడటానికి నీరుగంటిని పెట్టుకున్నారు. నీరుగంటి జీతం గింజల్లో. మనకిప్పుడు చెరువుకు ఇంజనీర్లున్నారు, సంస్థలున్నాయి, ఒక సంస్థను ఇంకో సంస్థలోకి కలిపే ఉత్తర్వులున్నాయి. తూము ఎక్కడుందని మాత్రం అడక్కండి.

పడవల పిచ్చి నిన్నమొన్నటిది కాదు. 2002లో చెరువుల అభివృద్ధికని ఒక ప్రాధికార సంస్థ పెట్టారు. కొన్నాళ్లకే అది చెరువుల్ని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం మొదలెట్టింది. హెబ్బాళ చెరువు ఈస్ట్ ఇండియా హోటల్స్‌కు, నాగవార లుంబినీ గార్డెన్స్‌కు, మా అగర బయోటా నాచురల్ సిస్టమ్స్‌కు. చెరువు బాగు చేయడానికి సర్కారు దగ్గర డబ్బుల్లేవట. కాబట్టి కంపెనీ బాగు చేస్తుంది, పడవలతో, తిండి దుకాణాలతో తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది. వినడానికి ఎంత బాగుందో! ఎగువ నుంచి మురుగు పంపేది ఊరు, శుభ్రం చేసేది కంపెనీ, టికెట్ కొనేది మళ్లీ మురుగు పంపిన ఊరే. ఎన్విరాన్‌మెంట్ సపోర్ట్ గ్రూప్ అనే సంస్థ 2008లో హైకోర్టుకు వెళ్లింది. 2012లో కోర్టు, చెరువులు ప్రజల ఆస్తి, కాపాడాల్సింది ప్రభుత్వమేనని తేల్చి చెప్పింది. ప్రభుత్వానికి ఈ సంగతి కోర్టు చెబితే గాని తెలియలేదు.

సరే, పడవ నడపాలంటే నీళ్లు ఎలా ఉండాలి? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సముద్రతీర జలాలకు అయిదు తరగతులు పెట్టింది. అందులో నాలుగోది ఓడరేవు నీళ్లు. నూనె మరకలూ తుప్పూ మామూలైన చోటు కదా అని కాస్త చూసీచూడనట్టు పెట్టిన తరగతి అది. అయినా లీటరు నీటిలో కనీసం 3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలి, బీఓడీ, అంటే నీటిలోని మలినాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్, 5 మిల్లీగ్రాములు దాటకూడదు. చెరువులకూ నదులకూ వేరే పట్టిక ఉంది, 'ఏ' నుంచి 'ఈ' దాకా. తాగడానికి, స్నానానికి, చేపలకు, సాగుకు. పడవ షికారుకు అందులో తరగతే లేదు! మావాళ్లు ఆ సందు పట్టుకున్నారు. తరగతి లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే తప్పడమూ లేదు. చిట్టచివరిదైన 'ఈ' తరగతిలో సాగు పక్కనే 'నియంత్రిత వ్యర్థ విసర్జన' అని కూడా ఉంది. బెల్లందూరు ఆ ఒక్క అర్హతా ఎప్పుడో సాధించి ఉండేది, 'నియంత్రిత' అన్న మాటే అడ్డం పడుతోంది.

నిజానికి బెల్లందూరుకు పడవలు కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ చెరువు మీద కాటలీనాలనే ఎగిరే పడవలు దిగేవి. నీళ్ల మీద వాలే ఆ విమానాల్ని పక్కనున్న హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు మరమ్మతు చేసి పంపేవారు. అంటే రేవు అనే మాటకు ఈ ఊళ్లో సరిపోయిన నీళ్లు ఒకప్పుడు ఉండేవన్నమాట. దాదాపు 900 ఎకరాల చెరువు. తర్వాత కోరమంగల–చల్లఘట్ట లోయ మురుగంతా దాని దారి పట్టింది. 2017 ఫిబ్రవరిలో చెరువు అంటుకుంది. 2018 జనవరి 19న మళ్లీ అంటుకుంటే ఆర్పడానికి 5 వేలమంది సైనికులు దిగాల్సి వచ్చింది. చెరువులో మంటలార్పడానికి బయటినుంచి నీళ్లు మోసిన ఘనత లోకంలో ఇంకెన్ని ఊళ్లకుందో నాకు తెలీదు.

ఇక బెల్లందూరు నురగ. అది ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, మన బట్టల యంత్రాల్లోంచి వచ్చిందే. శుద్ధి కాని మురుగులో సబ్బు అడుగున ఒండ్రులో పేరుకుంటుంది, గట్టి వాన పడితే పైకి లేస్తుంది, అలుగు దగ్గర చిలికినట్టయి పొంగుతుంది. నురగ రోడ్డు మీదికి ఎగిరొచ్చి వాహనాల అద్దాలకు అంటుకుంటుంటే అధికారులు ఏం చేశారంటే, యమలూరు వంతెన దగ్గర వల కట్టారు. 2018 డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వానికి 50 కోట్లు, బృహత్ బెంగళూరు మహానగర పాలికెకు 25 కోట్లు జరిమానా వేసి, చెరువుల పనికి 500 కోట్లు విడిగా పెట్టమంది. పూడిక తీత మొదలైంది. గడువులు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. పూడిక ఇంకా పూర్తిగా తీయకముందే కొందరికి పడవ గుర్తొచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు, అన్న సామెత మనవాళ్లు ఊరికే పెట్టలేదు.

పడవలు తిరిగితే నీళ్లలో గాలి కలిసి చెరువు బాగుపడుతుందని వాదించే మేధావులు కూడా ఉన్నారు. వాళ్లను హలసూరు చెరువుకు తీసుకెళ్లాలి. అక్కడ పర్యాటక శాఖవాళ్ల పడవలు ఏళ్లుగా ఉన్నవే. 2016 మార్చిలో అదే చెరువులో వేలకొద్దీ చేపలు ఊపిరాడక తేలాయి. పడవలున్నాయన్న సంగతి చేపలకు తెలియనట్టుంది. హైదరాబాద్ వాళ్లు నవ్వకండి. హుస్సేన్ సాగర్‌లో పడవ మొత్తం అద్దెకు తీసుకుని పుట్టినరోజులు చేసుకోవచ్చు, కేకు కోయొచ్చు. కూకట్‌పల్లి నాలా ఏళ్ల తరబడి ఏం మోసుకొచ్చిందో మాత్రం ఆహ్వానపత్రికలో వేయరు.

మాకు పడవలు ఉచితంగా కూడా దొరుకుతాయని చెప్పడం మరిచాను. 2022 సెప్టెంబర్ వానలకు సర్జాపుర రోడ్డు, బెల్లందూరు, అవుటర్ రింగ్ రోడ్డు ఏకమయ్యాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు, విల్లాల నుంచి మనుషుల్ని పడవల్లో బయటికి తెచ్చారు. నీళ్లు పోవాల్సిన రాజకాలువల మీద ఇళ్లు కడితే, నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. న్యాయమే కదా. నగరంలో ప్రజలకు పడవ ప్రయాణం కల్పిస్తామన్న హామీ ఏదైనా పూర్తిగా అమలైందంటే ఆ వారమే.

దిగువనున్న వాళ్ల సంగతి నక్షాలో ఉండదు. దక్షిణ పినాకిని తమిళనాడులో అడుగుపెట్టగానే హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యామ్. అక్కడా నురగ లేస్తుంది. ఆ చుట్టుపక్కల తెలుగు మాట్లాడే రైతులు బోలెడుమంది. హెచ్‌ఎస్‌ఆర్ అంటే హోసూరు–సర్జాపుర రోడ్డు. హోసూరు నుంచి పేరు తెచ్చుకుని మురుగు తిరిగిస్తున్నాం. కోలారుకైతే 2018 నుంచి ఇదే కోరమంగల–చల్లఘట్ట లోయ మురుగును శుద్ధి చేసి పైపుల్లో పంపుతున్నారు. ఆ ఏడాదే అక్కడి లక్ష్మీసాగర చెరువులో నురగ కనిపించి గోల అయింది. ఆ రైతులెవరూ పడవ అడగలేదు.

అయినా మీకు పడవ కావాల్సిందే అంటే కాదనను. నాదొక చిన్న కోరిక. టికెట్ వెనక ఖాళీ జాగా ఉంటుంది కదా, అక్కడ మూడంకెలు అచ్చెయ్యండి: కరిగిన ఆక్సిజన్, బీఓడీ, మురుగు జాడ చెప్పే కోలిఫాం బాక్టీరియా. ఆ వారం పరీక్ష చేసినవి, తేదీతో సహా. ప్రారంభోత్సవం రోజు మొదటి పడవలో మంత్రిగారు, మేయర్‌గారు, జల మండలి ఇంజనీర్‌గారు ఎక్కాలి, అలుగు దాకా వెళ్లి రావాలి. రాజకాలువ మొదట్లో ఒక పది నిమిషాలు ఆపాలి. లైఫ్ జాకెట్లు తప్పనిసరి, ముక్కుగుడ్డలు నిషేధం.